మధ్య స్పీకరు పలికిన రోజు

హోమ్ థియేటర్ అనగానే అందరికీ స్పీకర్లు గుర్తొస్తాయి. నా ఉద్యోగం వాటి వెనక జరిగింది. గోడకూ టీవీ స్టాండుకూ మధ్య, మనిషి పక్కకు తిరిగితేనే పట్టే సందులో, నోట్లో చిన్న టార్చిలైటు కరుచుకుని, ఏ తీగ ఎటు పోతోందో వెతుక్కుంటూ చాలా ఏళ్లు గడిపాను. గనుల జోరు నడిచిన రోజుల్లో బళ్లారి చుట్టుపక్కల లేచిన పెద్ద పెద్ద హాళ్ల ముందు భాగం వాటి యజమానులకు తెలుసు. వెనక భాగం నాకు తెలుసు.

ఈ మధ్య మా కంటోన్మెంట్ అమ్మాయి ఒకతె డిప్లొమా ముగించి, ఇదే పనిలో చేరుతున్నానని చెప్పడానికి ఇంటికి వచ్చింది. కాఫీ చల్లారేలోపే, "ఆంటీ, అన్నిటికన్నా మంచి కేబుల్ ఏది?" అని అడిగింది. కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ అడిగే ప్రశ్నే అది. జవాబు ఒక మాటలో వచ్చేది కాదు. ఆ పూట ఏదో చెప్పి పంపాను కానీ మనసు ఒప్పుకోలేదు. అందుకే ఇది రాస్తున్నాను. జీతం ఎప్పుడు పెరిగింది, ఏ కంపెనీ శిక్షణకు పంపింది లాంటివి ఇందులో ఉండవు. అవి ఎవరికీ పనికిరావు.

బెంచి దగ్గర నుంచి గుమ్మం దాకా

నా పేరు ఎస్తేరు. మా నాన్న మిషన్ బడిలో పాటలు నేర్పేవాడు, ఆదివారాలు గుడిలో మైకు సెట్టు చూసుకునేవాడు. ప్రసంగం మధ్యలో గరగరమంటే ఏ జాయింటు ఊడిందో వెతికి అతికించడం నా వంతు. అలా టంకం పెట్టడం అలవాటై, ఐటీఐలో రేడియో, టీవీ రిపేరు చదివి, బజారులో గఫార్ సాబ్ కొట్లో రిపేరు బెంచి ముందు కూర్చున్నాను. టేపు రికార్డర్లు, రేడియోలు, మిక్సీ మోటార్లు. ఏది వస్తే అది.

తర్వాత ఎర్రమట్టికి, అంటే ఇనుప ఖనిజానికి, గిరాకీ వచ్చింది. రోడ్ల నిండా లారీలు, చెట్ల ఆకుల మీద ఎర్రదుమ్ము, ఊరి చివర రాజభవనాల్లాంటి ఇళ్లు. టేపు రికార్డరు బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్లే మరుసటి సంవత్సరం వచ్చి అయిదు స్పీకర్లు, బరువైన మోతకు ఒక ఉఫరు, ఒక రిసీవరు అడగసాగారు. రిసీవరంటే ఏమీ లేదు. డీవీడీ, డిష్ పెట్టె, టీవీ, ఇంకా ఏ పెట్టెలుంటే అవన్నీ తీగలతో దానికి వచ్చి కలుస్తాయి. వచ్చిన శబ్దాన్ని విడదీసి ఏ స్పీకరుకు ఏది చేరాలో అది పంచుతుంది. అమ్మడం సులభం, బిగించడం కష్టం. సాబ్‌కు మనుషులు చాలలేదు. ఒకరోజు నా బెంచి దగ్గరికి వచ్చి, "ఎస్తేర్ బేటీ, రేపటి నుంచి ఫిట్టింగుకు నువ్వు పో," అన్నాడు.

మా అమ్మ ఒప్పుకోలేదు. "ఊరోళ్ల ఇండ్లకు పోయి నిచ్చెనలెక్కుతావా? చూసినోళ్లు ఏమనుకుంటారు?" అంది. సాబ్ స్వయంగా మా ఇంటికి వచ్చి వరండాలో కూర్చుని, "అమ్మా, బెంచి మీద నీ కూతురు చెడగొట్టిన సామాను ఒక్కటి కూడా లేదు. ఆ మాట నేను నా తమ్ముని గురించి చెప్పలేను," అన్నాడు. అమ్మ నవ్వింది. అంతటితో అయిపోయింది.

గుమ్మాల దగ్గర మాత్రం అంత తొందరగా అయిపోలేదు. తలుపు తీసినవాళ్లు నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసేవాళ్లు. "ఫిట్టరు యాడమ్మా?" అని అడిగేవాళ్లు. "నేనే" అంటే లోపలికి వెళ్లి ఒకసారి ఎవరితోనో మాట్లాడి వచ్చేవాళ్లు. కానీ ఆడమనిషిని కావడం వల్ల మిగతా ఫిట్టర్లకు దొరకనిది నాకు దొరికింది. ఇంట్లో ఆడవాళ్లు నాతో కూర్చుని మాట్లాడేవాళ్లు. ఈ హాల్లో నిజంగా ఎవరు కూర్చుంటారు, ఏ కుర్చీలో, ఏం చూస్తారు, ఎవరికి చెవుడు, ఎలుకలు ఏ మూల నుంచి వస్తాయి, అన్నీ చెప్పేవాళ్లు. తీగ కొలిచే ముందు తెలుసుకోవాల్సినవి ఇవే. ఇంటి యజమానికి వీటిలో సగం తెలియదు.

తిప్పేస్వామి గారి హాలు

మా సాబ్ గొప్ప యజమాని అని చెప్పను. ఎవరినీ మెచ్చుకునేవాడు కాదు, ఆకలేసినప్పుడు అందరి మీదా విసుక్కునేవాడు. కానీ ఆయన చెవి లాంటి చెవి నేను మళ్లీ చూడలేదు.

తిప్పేస్వామి గారని మట్టి రవాణా కాంట్రాక్టరు ఒకాయన కొత్త ఇల్లు కట్టుకున్నాడు. స్పీకర్లు మా దగ్గర తీసుకున్నాడు, వైర్లు మాత్రం బెంగళూరు నుంచి తెప్పించుకున్నాడు. బొటనవేలంత లావు, కొసలకు బంగారు పూత. ఇంటి వైరింగు మనుషులే స్పీకర్లకు కలిపారు. తీరా చూస్తే శబ్దంలో బరువు లేదు. పెద్ద ఉఫర్లు ఉన్నాయి, మోత లేదు. మనుషుల మాటలు గాల్లో తేలుతున్నట్టు ఉన్నాయి.

"ఇంత లావు వైరు వేసినాం, సౌండులో దమ్మే లేదు కదప్పా," అని ఆయన సాబ్‌కు ఫోన్ చేశాడు.

నేను వెళ్లి ప్రతి జాయింటూ తుడిచి బిగించాను. ఒక వైరు మార్చి ఇంకొకటి వేసి చూశాను. ఏమీ మారలేదు. అప్పుడు సాబ్ వచ్చాడు. సామాను వైపు చూడనే లేదు. సోఫా మధ్యలో కూర్చుని, "వార్తలు పెట్టు," అన్నాడు. కళ్లు మూసుకున్నాడు. వార్తలు చదివేవాడి గొంతు వింటూ తల ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి తిప్పాడు.

"ఎడమ పక్కది ఉల్టా ఉండాది. వెనక చూడు," అన్నాడు.

చూస్తే ఎడమ స్పీకరుకు ఎర్ర రంధ్రంలో నల్ల తీగ, నల్ల రంధ్రంలో ఎర్ర తీగ ఉన్నాయి. ఒక స్పీకరు గాలిని ముందుకు నెడుతుంటే రెండోది వెనక్కి లాగుతోంది. రెండూ ఒకదాన్నొకటి మింగేస్తున్నాయి. తీగలు తిరగేసి పెట్టగానే షోకేసులో గాజు బొమ్మలు గలగలమన్నాయి. తిప్పేస్వామి గారు సోఫా చేతిని గట్టిగా పట్టుకుని, అవునన్నట్టు తల ఊపుతూ, "హౌదు. ఇదప్పా నేను అడిగింది," అన్నాడు.

తిరిగి వస్తూ దారిలో సాబ్ నాతో అన్నాడు: "మొదలు విను. తర్వాత టూల్ బ్యాగు తెరువు. నువ్వు పోయీపోంగానే స్క్రూడ్రైవరు తీస్తాండావు." నాకు ఏ శిక్షణలోనూ ఇంతకన్నా పనికొచ్చే మాట ఎవరూ చెప్పలేదు.

ఏ తీగ ఎక్కడ

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు వస్తాను. అన్నిటికన్నా మంచి కేబుల్ అనేది లేదు. ఆ పనికి సరిపోయేది, ఆ దూరానికి చాలేది, ఆ ఇంట్లో బతికేది ఉంటుంది.

స్పీకరు తీగకు లావు ముఖ్యం. అది కూడా దూరాన్ని బట్టి. రిసీవరు పక్కనే ఉన్న స్పీకరుకు మామూలు తీగ చాలు. హాలు చుట్టూ తిరిగి వెనక గోడకు పోయేదానికి మాత్రం కాలింగ్ బెల్లుకు వాడే సన్న తీగ వేస్తే ఆ స్పీకరు మూలుగుతుంది. దూరం కొలిచేటప్పుడు గాల్లో కొలవద్దు. తీగ తలుపు చట్రం ఎక్కి దిగి, మూల తిరిగి పోయే దారి కొలవండి. రెండు కొసలకూ చీటీ అంటించండి, వెనక కొంచెం తీగ వదలండి. స్టాండు ముందుకు జరిపితే జాయింటు ఊడకూడదు.

డీవీడీ నుంచి రిసీవరుకు శబ్దం పంపడానికి ఆ రోజుల్లో రెండు దారులు ఉండేవి. ఒకటి కొసన ఎర్రటి వెలుగు కనిపించే ఆప్టికల్ తీగ. రెండోది మామూలు రాగి కోయాక్సియల్. ఏది గొప్ప అని కొట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను. రెండూ తెచ్చేది ఒకే శబ్దం. పెట్టె వెనక ఏ సాకెట్ ఉంటే అది వాడండి. రెండూ ఉంటే ఇంటిని చూడండి. ఆప్టికల్ తీగను మూల దగ్గర మడతపెడితే లోపల విరిగిపోతుంది. మళ్లీ పలకదు. ధాన్యం నిల్వ చేసే ఇళ్లలో, ఎలుకలు తిరిగే చోట, నేను రాగిదే వేశాను. ఈ రకం తీగల్లో శబ్దం వస్తే పూర్తిగా వస్తుంది, రాకపోతే తెగుతూ వస్తుంది. బంగారు పూత వల్ల తీయదనం రాదు. బంగారు పూత తుప్పు పట్టదు, ఎర్రదుమ్ము ఊళ్లో అది మంచిదే. అంతవరకే దాని గొప్ప.

కరెంటు తీగలనూ శబ్దం తీగలనూ కలిపి కట్టకండి. చూడటానికి శుభ్రంగా ఉంటుంది, వినడానికి ఉండదు. రెండూ దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి, పక్కపక్కన నడిపించకండి.

తర్వాత హెచ్‌డీఎంఐ వచ్చింది. బొమ్మా శబ్దమూ ఒకే తీగలో. పెట్టెల వెనక అడవి పోయి ఒక్క తీగ మిగిలింది. నాకు సంతోషమే. అయితే పొడవు తీగను గోడలో పూడ్చే ముందు నేల మీద పరచి, బొమ్మ వేసి చూడండి. ప్లాస్టరింగు అయ్యాక బొమ్మ మినుకుమినుకుమంటే గోడ పగలగొట్టమని చెప్పే ధైర్యం ఎవరికీ ఉండదు.

గనులు ఆగిపోయాక చాలా హాళ్లు మూగబోయాయి. గనుల వాళ్లనే నమ్ముకున్న కొట్లు మూతపడ్డాయి. మాది మూతపడలేదు. ఆంధ్రా నుంచి వచ్చి సిరిగేరి వైపు కాలువ కింద వరి పండిస్తూ స్థిరపడినవాళ్ల ఊళ్లను క్యాంపులంటారు, ఆ క్యాంపుల వాళ్లు మమ్మల్ని వదల్లేదు. కొత్త టీవీ కొన్నా, ఇల్లు మార్చినా, "ఎస్తేరు గారిని పంపండి" అని పేరు పెట్టి అడిగేవాళ్లు. వాళ్లకు నా పేరు ఎలా తెలిసిందో చెప్పడం చివరికి ఉంచుకున్నాను. నా ఉద్యోగంలో నేను ఎక్కువ సంతోషపడిన రోజు అది.

సిరిగేరి క్యాంపులో

సిరిగేరి దగ్గర క్యాంపులో వెంకటరత్నం గారని పెద్ద రైతు ఉండేవారు. కాలువ వచ్చిన కొత్తలో గోదావరి వైపు నుంచి వచ్చి, ముళ్లపొదలు కొట్టి మడులు చేసుకున్నవాళ్లలో ఆయన ఒకరు. పగలు పొలం, రాత్రి పద్యనాటకం. రాజు వేషం ఆయనది. హార్మోనియం ఎంత పై శ్రుతిలో ఉన్నా దాన్ని దాటి గొంతు వినిపించేదని ఆ చుట్టుపక్కల ఇప్పటికీ చెప్పుకుంటారు. ముసలితనంలో గొంతులో జబ్బు వచ్చి, ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. మాట పూర్తిగా పోయింది. ఆయన పద్యం మిగిలింది ఒక్క వీడియో టేపులో. ఎప్పుడో తిరునాళ్లలో ఎవరో తీసింది.

కొడుకు రాంబాబు టిప్పర్లు కొని గనులకు తిప్పేవాడు. నాన్న తన గొంతు తాను పెద్దగా వినాలని మా కొట్లో మంచి సెట్టు తీసుకున్నాడు. మా ఫిట్టర్లు వెళ్లి బిగించి వచ్చారు. ఆ వెంటనే ఫిర్యాదు వచ్చింది. మళ్లీ వెళ్లి ఇంకా మంచి కేబుల్ వేశారు. మళ్లీ ఫిర్యాదు. కొట్లో ఉన్నవాటిలో ఖరీదైన కేబుల్ వేశారు. చివరికి ఒక ఆదివారం ఉదయం రాంబాబు ఫోన్ చేసి, సెట్టు వెనక్కి తీసుకుపొమ్మన్నాడు.

నేను గుడి నుంచి బయటికి వచ్చేసరికి సాబ్ వ్యానుతో నిలబడి ఉన్నాడు. "బేటీ, రా. వాళ్ల గోడలు చెడకుండా విప్పాల," అన్నాడు. పట్టుచీర మార్చుకునే తీరిక లేదు. ఆ క్యాంపుల్లో ఒక ఇంటి నుంచి సామాను వ్యానులోకి ఎక్కితే, ఇంక ఎవరూ మా కొట్టు గడప తొక్కరని ఇద్దరికీ తెలుసు.

ఆ ఇంటి ముందు షామియానా వేసి ఉంది. పాత నాటక సమాజంలో మిగిలినవాళ్లందరినీ రాంబాబు ఆ మధ్యాహ్నం భోజనానికి పిలిచాడు. వాళ్ల ముందు టేపు వేయాలని అతని కోరిక. ఇప్పుడు అది మానుకున్నాడు.

"సాబ్, మీ మీద కోపం ఏమీ లేదండి," అన్నాడు రాంబాబు. "టేపు పెడితే చాలు నాన్న లేచొచ్చి ఆపేస్తాండాడు. అందరి ముందర అట్లా అయితే ఆయనకే బాధ. సెట్టు లేకుంటేనే మేలు."

రాంబాబు భార్య పద్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. "సౌండు ఎక్కువైందేమో అని తగ్గించామండి. వినపడలేదేమో అని పెంచాము. ఏం చేసినా మామయ్యగారు తల అడ్డంగా ఊపుతారు. నోట మాట ఉంటే ఏం కావాలో చెప్పేవారు కదా," అంది.

వెంకటరత్నం గారు కిటికీ పక్కన కుర్చీలో ఉన్నారు. పొడుగాటి మనిషి. మెడకు తెల్లటి గుడ్డ చుట్టుకుని ఉంది. మా వైపు చూడలేదు.

"విప్పే ముందు ఒక్కసారి టేపు వేస్తారా? నేను వినలేదు," అన్నాను.

రాంబాబు సాబ్ వైపు చూశాడు. సాబ్ తల ఊపాడు.

టేపు తిరిగింది. మొదట జుమ్మని ఒక మోత. దాని కింద హార్మోనియం. తర్వాత పద్యం. గొంతు టీవీ ఎడమ మూల నుంచి వస్తోంది. బావిలో నిలబడి పాడుతున్నట్టు ప్రతి మాటకూ తోక ఉంది. తెర మీద రాజు మధ్యలో ఉన్నాడు, పాట మూలలో ఉంది.

వెంకటరత్నం గారు లేచారు. మెల్లగా నడిచి టీవీ ముందు నేల మధ్యలో నిలబడి, కాళ్లు ఎడంగా పెట్టి, చెయ్యి గుండె మీద వేసుకున్నారు. తర్వాత ఎడమ మూలకు వెళ్లి స్పీకరును వేలితో కొట్టి, తల అడ్డంగా ఊపి, టేపు ఆపేశారు.

"చూశారా, రోజూ ఇంతే," అన్నాడు రాంబాబు మెల్లగా. "పాత వేషం గుర్తొస్తాది, మధ్యలో పోయి నిలబడతాడు."

నేను ఆయన ముఖం చూశాను. అది గతం గుర్తొచ్చిన ముఖం కాదు. ఎంత చెప్పినా అర్థం చేసుకోని వాళ్లతో విసిగిపోయిన మనిషి ముఖం.

"తాతగారూ," అన్నాను, "మీరు నిలబడి పాడింది ఇక్కడ. గొంతు వచ్చేది ఆ మూల నుంచి. అదేనా మీరు చెప్పేది?"

ఆయన నా వైపు తిరిగారు. తర్వాత రెండు చేతులూ జోడించి, తల పైకీ కిందికీ గట్టిగా ఊపారు. అంతటితో ఆగలేదు. దోసిలి నోటికి అడ్డం పెట్టుకుని కుండలా చూపించారు. తర్వాత చూపుడువేలు చెవి దగ్గర పెట్టి ఈగ తిరుగుతున్నట్టు తిప్పారు.

గొంతు మూలలో ఉంది. కుండలో పాడినట్టు ఉంది. ఈగ మోత ఉంది. సెట్టులో ఉన్న తప్పులన్నీ అవే. మొదటి రోజు నుంచీ ఆయన వాటినే చెబుతున్నారు.

పద్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాంబాబు వెళ్లి తండ్రి పక్కన నిలబడ్డాడు. "నాన్నా, ఇదా నువ్వు చెప్పింది," అని మాత్రం అన్నాడు.

సాబ్ గడియారం చూసుకుని, "ఎంతసేపు పడతాది?" అన్నాడు.

"వచ్చినోళ్లు చేతులు కడుక్కునేలోపు," అన్నాను. అంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

కుండ పని సులభం. రిసీవరులో హాలు మోతను తెచ్చిపెట్టే అమరిక ఒకటి ఉంటుంది. గొంతు పెద్దగా రావాలని ఎవరో దాన్ని నొక్కి వదిలేశారు. తీసేశాను. తోక పోయింది.

ఈగ కోసం ఒక్కొక్క తీగే పీకుతూ వచ్చాను. డీవీడీ తీగ తీశాను, మోత ఉంది. ఉఫరు తీశాను, తగ్గింది, పోలేదు. వీధి నుంచి వచ్చే కేబుల్ టీవీ తీగను, టేపు నడిపే వీసీఆర్ వెనక నుంచి తీయగానే గది నిశ్శబ్దమైంది. బయటి నుంచి వచ్చే ఆ తీగ ఎర్తూ ఇంటి ఎర్తూ సరిపడక మోత పుడుతుంది. ఆ రెండు ఎర్తులూ కలవకుండా మధ్యలో వేసే చిన్న ఐసొలేటరు బ్యాగులోనే ఉంది. వేశాను. ఈగ పోయింది. ఎంత ఖరీదైన కేబుల్ మార్చినా ఇది పోయేది కాదు.

ఇంక గొంతు. స్టాండు వెనకకు దూరి చూస్తే అసలు సంగతి తెలిసింది. వాళ్ల వీసీఆర్ పాతది. శబ్దానికి ఒకే రంధ్రం ఉంది. మా వాళ్లు తెల్ల పిన్ను దానికి పెట్టి, అవతలి కొస రిసీవరు ఎడమ రంధ్రంలో పెట్టారు. ఎర్ర పిన్ను పనిలేక వేలాడుతోంది. అందుకే పాట ఎడమ మూలకు పోయింది. ఆ ఒక్క శబ్దాన్నే రెండుగా చీల్చి ఎడమకూ కుడికీ సమానంగా ఇస్తే, రెండింటిలో ఒకేలా ఉన్నదాన్ని రిసీవరు ఏరి మధ్య స్పీకరుకు పంపుతుంది. మధ్య స్పీకరు టీవీ కిందే ఉంది. ఇన్నాళ్లూ అది నోరు మూసుకుని కూర్చుంది.

ఒక వైపు ఒకటి, రెండో వైపు రెండు పిన్నులుండే తీగ కావాలి. ఆ రోజు నా దగ్గర లేదు. చెయ్యాలి. చెయ్యడానికి ఒక కేబుల్ కొయ్యాలి. చేతిలో ఉన్నది కొట్లో అన్నిటికన్నా ఖరీదైన బంగారు పూత కేబుల్. నేను సాబ్ వైపు చూశాను. సాబ్ దాని వైపు ఒకసారి బాధగా చూశాడు. జేబులో నుంచి తన కటింగ్ ప్లయరు తీసి నా చేతికిచ్చాడు.

"కొయ్యి," అన్నాడు. "ఇన్నాళ్లూ దీని వల్ల ఏ ఉపకారమూ లేదు. ఇప్పుడన్నా పనికొస్తాది."

పట్టుచీర కొంగు నడుముకు చుట్టుకుని నేల మీద కూర్చున్నాను. టంకం పొగ లేస్తుంటే బయట ఆటోలు ఆగుతున్న చప్పుడు వినిపించింది. ఊతకర్రలతో ముసలివాళ్లు ఒకరొకరే లోపలికి వచ్చారు. రాణి వేషం కట్టినాయనట, పళ్లు లేవు. హాస్యం పాత్రలు వేసినాయనట, వచ్చీరాగానే రాంబాబు పిల్లల్ని నవ్వించాడు. హార్మోనియం వాయించిన నాగభూషణం గారిని ఇద్దరు చెరో చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టారు. చూపు ఆనదు. "రత్నం యాడుండాడు?" అని అడిగారు. ఈ వైపు ఎన్నో ఏళ్లుగా ఉండి ఆయన మాట మా బళ్లారి మాటే అయిపోయింది. వెంకటరత్నం గారు వెళ్లి ఆయన భుజం మీద చెయ్యి వేశారు. ఆయన ఆ చేతిని తడిమి పట్టుకుని వదల్లేదు.

తీగ పెట్టాను. రిసీవరులో అమరిక మార్చాను. టేపు వేశాను. తెర నిండా చుక్కలు, చారలు. సాబ్ గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. వీసీఆర్ మీద ట్రాకింగు బటన్ మెల్లగా తిప్పాను. చారలు పైకి పోయాయి. రాజు కనిపించాడు. హార్మోనియం ఎత్తుకుంది.

పద్యం మధ్య స్పీకరు నుంచి వచ్చింది.

మోత లేదు, తోక లేదు. తెర మీద నోరు ఎక్కడ ఉందో గొంతు అక్కడే ఉంది. పై స్థాయికి వెళ్లి అక్కడ నిలబడి, రాగం తీసి, తిరిగి కిందికి దిగేదాకా ఆ గదిలో ఎవరూ కదల్లేదు. నాగభూషణం గారి వేళ్లు మాత్రం తొడ మీద మెట్లు నొక్కుతున్నాయి. గొంతు ఆగగానే చూపు లేని ఆ ముసలాయన తల ఎత్తి, "వన్స్ మోర్," అన్నారు.

పద్యనాటకాలు చూసినవాళ్లకు తెలుసు. పద్యం నచ్చితే జనం అలా అడుగుతారు, నటుడు మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోవాలి. వెనక నుంచి ఇంకొకరు అన్నారు. రాణి వేషం ఆయన అన్నారు. తర్వాత గది మొత్తం అంది. గుమ్మంలో నిలబడ్డ మా వ్యాను డ్రైవరు కూడా అన్నాడు.

వెంకటరత్నం గారు లేచారు. మెడ గుడ్డ సర్దుకున్నారు. నడిచి వచ్చి టీవీ ముందు, సరిగ్గా మధ్యలో నిలబడి, సభకు చేసినట్టు మూడు వైపులా దండం పెట్టారు. తర్వాత నా వైపు చూసి, వేలితో గాల్లో వెనక్కి ఒక చక్రం గీశారు.

నేను టేపు వెనక్కి తిప్పాను. హార్మోనియం మళ్లీ ఎత్తుకుంది. ఆయన చెయ్యి గుండె మీద వేసుకుని నోరు తెరిచారు. ప్రతి మాటకూ పెదవులు కదిలాయి, ప్రతి విరుపుకూ చెయ్యి లేచింది. ఆయన వెనకే ఉన్న మధ్య స్పీకరు నుంచి ఆయన గొంతు ఆయన నిలబడ్డ చోటు నుంచే వచ్చింది. పద్యం పూర్తయ్యేదాకా ఎవరూ టీవీ వైపు చూడలేదు.